అవుటర్‌లో ఆగిన బండి

గీత మూడో చెంచా చక్కెర కూడా తాత చాయ్‌లో కలిపేసింది. అమ్మ చూడలేదు. వాకిట్లో పక్కింటి శకుంతలమ్మతో మాట్లాడుతోంది.

"మా మామకు షుగర్ రెండు వందల అరవై అక్కా," అంది అమ్మ.

"గంతేనా? మా ఆయనకు మూడు వందల పది."

అమ్మ చీపురు అందుకుని వాకిలి ఊడవసాగింది. డోర్నకల్‌లో వాళ్లుండే వీధిలో పిల్లల మార్కుల తర్వాత చెప్పుకునేది పెద్దల షుగరే. రెండింటిలోనూ ఎక్కువ వస్తేనే విలువ.

ఇంట్లో షుగర్‌కు నియమాలున్నాయి. తాత చాయ్‌లో చక్కెర వేయరు. అందుకని నాలుగు బిస్కెట్లు ఇస్తారు. లడ్డూ తినకూడదు, సగం తినొచ్చు. మిగతా సగం సాయంత్రం తింటే అది వేరే సగం.

గీత ఈ నియమాలను ఊరికే మీరలేదు. ఆమెకు సైన్సు తెలుసు.

తాత ఐలేశ్ ముప్పై నాలుగేళ్లు రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేశాడు. డోర్నకల్ నుంచి కాజీపేట దాకా స్టేషన్లన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేవాడు. వచ్చే శనివారం బడిలో అవ్వ తాతల పండుగ. తాత వచ్చి స్టేషన్లు చెబుతాడని గీత ఆరో తరగతి మొత్తానికీ చెప్పేసింది.

"ఫోన్ల చూసి నేను గూడ చెప్త," అన్నాడు పక్క బెంచీ అబ్రార్.

"మా తాతకు ఫోన్ ఎందుకురా? ఆయన తలకాయలనే రైల్వే ఉన్నది."

కానీ తాత ఈ మధ్య కళ్లజోడు పెట్టుకుని కళ్లజోడు వెతుకుతున్నాడు. అప్పుడే బడిలో షహనాజ్ మేడం సైన్సు పాఠం చెప్పింది. మెదడు గ్లూకోజ్‌తో నడుస్తుందట. అంటే ఇంట్లోవాళ్లు తాత మెదడుకు తిండి బంద్ పెట్టారన్నమాట. గీత ఆ రోజు నుంచే చక్కెర మొదలుపెట్టింది.

తాత ఒక గుక్క తాగి మనవరాలి వైపు చూశాడు. "చాయ్ మంచిగుంది," అన్నాడు. అంతకు మించి ఏమీ అడగలేదు.

సోమవారం గీత తాతతో ఒకసారి చెప్పించి చూసింది.

"డోర్నకల్, గార్ల, గుండ్రాతిమడుగు, మహబూబాబాద్..." తాత ఆగాడు. చెంబెడు నీళ్లు తాగాడు. మళ్లీ చెంబెడు తాగాడు. "తర్వాత ఏంది బిడ్డా?"

తర్వాతది తాళ్లపూసపల్లి. తాత పుట్టిన ఊరు.

గీత పరుగెత్తి అమ్మకు చెప్పింది.

మర్నాడు దవాఖానలో పరీక్ష చేస్తే మూడు వందల ఎనభై వచ్చింది. వీధిలో ఇప్పటిదాకా ఎవరికీ రానిది. అమ్మ మాత్రం ఎవరికీ ఫోన్ చేయలేదు.

"ఇంట్ల మేం చక్కెర అస్సలు ఇయ్యం మేడం," అంది డాక్టరమ్మతో.

గీత గోడ మీద బొమ్మలు చూసింది. తర్వాత చెప్పు కొన చూసింది. తర్వాత చెప్పేసింది.

"నేనే ఏసిన. చాయ్‌కి మూడు చెంచాలు. మెదడుకు గ్లూకోజ్ కావాలె కద మేడం?"

డాక్టరమ్మ నవ్వలేదు. "కావాలె. కని నెత్తురుల ఉంటే సాలదు, పనికి రావాలె. మీ తాత ఒళ్లు ఇన్సులిన్ మాట సరిగ్గ ఇంటలేదు. గందుకే చక్కెర నెత్తురులనే నిలవడ్డది. ఏండ్లకేండ్లు గట్లనే ఉంటే మెదడుకు నెత్తురు తీస్కపోయే సన్న నరాలు ఖరాబైతయి. యాది తగ్గుతది."

"సమజైంది," అన్నాడు తాత. "బండి నిండ సరుకున్నది. సిగ్నల్ దొరకక స్టేషన్ బయట అవుటర్ల ఆగింది. మా పిల్ల ఎనక ఇంకో మూడు బండ్లు తోలింది."

"రేపటి సంది నేను గూడ గిట్లనే చెప్త," అంది డాక్టరమ్మ. "అమ్మా, బిస్కెట్లు గిట్ల పెడ్తరా?"

అమ్మ గోడ మీద క్యాలెండర్ చూసింది.

"అన్నీ బంద్. మందులు తప్పొద్దు. దినాం నడవాలె."

"మరి శనివారం దాంక యాదికొస్తదా?" అడిగింది గీత.

"షుగర్ దిగితే కొంత తేటగైతది. మొత్తం వస్తదని నేను చెప్పలేను. ఇంక ఖరాబు కాకుంట మాత్రం సూసుకోవచ్చు."

బయటికొచ్చాక గీత తాత చెయ్యి పట్టుకుంది. "తాతా, బడిల వద్దని చెప్త."

"ఎందుకు? ఒక్క స్టేషన్ మర్చిపోతే రైల్వే బంద్ అయితదా?"

ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ రోజూ స్టేషన్ రోడ్డు మీద నడిచారు. ఒక్కో కరెంటు స్తంభం దగ్గర ఒక్కో స్టేషన్ పేరు.

శనివారం తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని వేదిక ఎక్కాడు. "డోర్నకల్, గార్ల, గుండ్రాతిమడుగు, మహబూబాబాద్..."

ఆగాడు.

హాలంతా చూస్తోంది. అబ్రార్ కూడా చూస్తున్నాడు. గీత లేచి వేదిక ఎక్కి, తాత పక్కన నిలబడింది.

"తాళ్లపూసపల్లి," అంది మైకులో. "మా తాత ఊరు."

బండికి సిగ్నల్ దొరికింది. కేసముద్రం, ఇంటికన్నె, నెక్కొండ అంటూ తాత కాజీపేట దాకా ఎక్కడా ఆగలేదు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అబ్రారే.

షహనాజ్ మేడం లడ్డూ ఇచ్చింది. తాత దాన్ని జాగ్రత్తగా రెండు ముక్కలు చేశాడు.

"తాతా, సగం గూడ బందే," అంది గీత.

తాత రెండు సగాలూ అబ్రార్‌కు ఇచ్చేశాడు.

ఇంటికి ఆటో ఎక్కలేదు, నడిచే వచ్చారు. వాకిట్లో శకుంతలమ్మ ఎదురైంది.

"ఏం గీతా, మీ తాతకు ఎంతొచ్చిందే ఈసారి?"

గీత తల ఎత్తి చెప్పింది. "రెండు కిలోమీటర్లు."

శకుంతలమ్మ చీపురు అందుకుంది.