అద్దం పెట్టని చూపు

మిట్టమధ్యాహ్నం. నంద్యాలలో మేడగది కిటికీకి దుప్పటి కట్టి, అక్షయ కంప్యూటర్ ముందు కూర్చుంది. కూలర్ నుంచి తడిగడ్డి వాసన. ఆళ్లగడ్డలో వాళ్ల నాయన వీరాచారి తన శిల్పాల షెడ్డులో స్టాండుకు ఫోన్ బిగించి, విగ్రహాల ఫొటోలు తీసి పంపుతున్నాడు.

ఫొటోలన్నీ కంప్యూటర్ ప్రోగ్రాంలో ఒకే చానల్లోకి, అంటే ఒకే వరసలోకి, వచ్చి పడతాయి. దాని చివర ఒకేసారి పక్కపక్కన నడిచే నాలుగు థ్రెడ్లు, నలుగురు పనోళ్ల మాదిరి కాచుకొని ఉంటాయి. ఏది ఖాళీ అయితే అది తర్వాతి పని అందుకొని ఫొటోలో దుమ్ము తుడుస్తుంది, విరిగిన అంచు సరిచేస్తుంది, ఖాళీ కనిపిస్తే పూరిస్తుంది. ప్రోగ్రాం అలా రాసింది అక్షయే. రాసి మురిసిపోయింది కూడా.

అమ్మవారి ఫొటో పెద్దది. నాలుగు థ్రెడ్లూ ముక్కలుగా పంచుకున్నాయి. తెర మీద, నున్నటి రాతి ముఖాన రెప్పల గీత మొదలైంది.

శిల్పానికి కళ్లు ఆఖర్న తెరుస్తారు. అప్పుడు ఎదురుగా మనిషి ఉండకూడదు. తొలిచూపు అద్దం మీద పడాలి. ‘రాయి నిన్ను చూసి ఏం చేస్తాది నాయనా, పెళ్లిచూపులా?’ అని చిన్నప్పటి నుంచీ ఎగతాళి చేసిన నోరు అక్షయది.

అయినా ఫోన్ చేసింది.

“నాయనా, అమ్మోరికి కళ్లు తెరిచినావా?”

“యాడ తెరిచేది? అద్దమే తేలేదు.” స్పీకర్లో ఆయన గొంతు తగ్గింది. “ఉలి సద్దు వస్తాంది మ్మా. పనోళ్లంతా కూటికి పోయిరి. ఈడ నేనొక్కణ్ణే ఉండా.”

అక్షయకూ వినిపించింది. టక్... టక్... ఒకటి కాదు.

“నాలుగు ఉలులు తల్లీ. ఒకే రాయి మీద.”

ఆమె చానల్ మూసేసింది. కొత్తవి ఇక రావు. కానీ చేతిలోని పని ముగించనిదే థ్రెడ్లు ఆగవు. అదీ తను రాసిందే. ‘ఆపు’ బటన్ నొక్కింది. ఆగలేదు. కంప్యూటర్‌కూ కూలర్‌కూ కలిపి ఉన్న వైరును గోడ నుంచి పీకింది. కూలర్ ఆగింది. తెర మాత్రం ఆరలేదు.

“నాయనా,” గుసగుసగా అంది, “దాని ఎదురుగా ఉండొద్దు. బయటికి పో.”

“లేయలేకపోతాండా... మోకాళ్లు రాయైనట్టుండాయి.”

“కళ్లు మూసుకో.”

ఉలులు ఒక్కసారిగా ఆగాయి.

“చూస్తాంది మ్మా...”

అంతే. ఫోన్ కట్ కాలేదు.

మూసిన చానల్లోకి ఫొటో ఒకటి వచ్చి పడింది. అమ్మవారు నిలబడిన చోటి నుంచి తీసింది. ఫోన్ బిగించిన స్టాండు కూడా అందులో ఉంది. దాని వెనక పీట మీద నాయన. భుజాన అదే తువ్వాలు. కళ్లుండాల్సిన చోట నున్నటి రాయి.

ఖాళీ.

నాలుగు థ్రెడ్లూ దాన్ని అందుకున్నాయి.

టక్... ఈసారి ఫోన్లో కాదు. తెర వెనక. నాయన ముఖాన రెప్పల గీత మొదలైంది. ఎదురుగా తను. అద్దం తలుపు పక్కన గోడకు ఉంది. అక్షయ లేవబోయింది. మోకాళ్లు కదల్లేదు.

కీబోర్డు మీద, ఆమె వేళ్ల మధ్య, తెల్లటి రాతిపొడి రాలుతోంది.