బొటనవేలి నాడి

"ఆ దుప్పటి మూల అలా మడవరు," అన్నాడతను.

"నిన్నెవరడిగారు?" అంది ఆమె, తలెత్తకుండా.

నర్సింగ్ కాలేజీలో మొదటి సెమిస్టర్. వాళ్ల మొదటి మాటలు అవే. క్లాసులో అతనొక్కడే అబ్బాయి. అందరూ బ్రదర్ అనేవారు. ఆమె మాత్రం ఏమీ అనేది కాదు. ఆమెకి తోటి ఆడపిల్లలు పెట్టిన పేరు తొందర. నడక తొందర, మాట తొందర, కోపం మరీ తొందర.

ట్యూటర్ ఇద్దరినీ జంటగా వేసింది. ఒకరి మీద ఒకరు పని నేర్చుకోవాలి. అతను బీపీ చూస్తే, "చెయ్యి ఊడదీస్తావా?" అనేది. అతని నోట్లో థర్మామీటర్ పెట్టి, "ఇప్పుడు ప్రశాంతంగా ఉంది," అనేది. వాన పడితే ఇద్దరికీ ఆమె గొడుగే. పోట్లాట ఆపకుండానే దాని కింద నడిచేవారు.

ప్రాక్టికల్ ముందు రోజు ఆమె అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఫెయిలైతే బట్టలు సర్దుకుని వచ్చెయ్. నీ వల్ల కాదని అప్పుడే చెప్పాను."

సొంత అన్న అన్న మాట అది. ప్రాక్టికల్ పోతే వార్డులోకి పంపరు. వార్డు లేకపోతే చదువు లేదు.

పరీక్షలో ఆమెకి నాడి చూసే పని వచ్చింది. అతని మణికట్టు పట్టుకుని వాచీ చూసింది.

"నూట పద్దెనిమిది, మేడమ్."

ట్యూటర్ కూడా చూసింది. "డెబ్బై ఆరు. ఏంటమ్మా ఇది?"

అతను చటుక్కున అందుకున్నాడు. "మెట్లు పరిగెత్తి ఎక్కాను మేడమ్. ఇప్పుడు తగ్గుంటుంది."

సాయమనుకునే అన్నాడు. రోగి దగ్గర అలాంటి సాయం ప్రాణం తీస్తుంది.

"అబద్ధం మేడమ్," అంది ఆమె. "నేను బొటనవేలు పెట్టాను. ఆ పల్స్ నాది."

బొటనవేలికి తన నాడి తనకుంటుంది. దానితో పట్టుకుంటే ఎదుటివాడి గుండె కాదు, మన గుండే లెక్కకొస్తుంది.

"ఒప్పుకున్నందుకు మార్కులుండవు," అంది ట్యూటర్. "ఇంకొక్కసారి చూడు. అదే ఆఖరు."

ఈసారి మూడు వేళ్లు ఆనించింది. ఆమె కళ్లు వాచీ మీద. అతని కళ్లు ఆమె మీద.

"నూట పది."

వెనకెవరో కిసుక్కుమన్నారు. ట్యూటర్ కళ్లజోడు సర్దుకుంది. "మార్చుకుంటావా?"

"లేదు మేడమ్. నాకు తగిలింది అదే."

ట్యూటర్ అతని చెయ్యి అందుకుని నిమిషమంతా చూసింది.

"నూట పదే. పాస్." అతని వైపు తిరిగింది. "ఇప్పుడు ఏ మెట్లెక్కావు, నాయనా?"

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు.

వరండాలో ఆమె ఫోన్ తీసింది. అతను రెండడుగులు వెనక నిలబడ్డాడు.

"అన్నయ్యా, నేను రావట్లేదు. నన్ను వార్డు డ్యూటీలో వేస్తున్నారు."

"ఒక్క పరీక్షకే అంత గొంతా? పక్కన ఎవరో అండగా ఉన్నట్టున్నారు?"

"ఉన్నాడు. నాతో చదువుతాడు. నాకిష్టం," అని ఫోన్ పెట్టేసింది.

అతను తనూ ఏదో చెప్పబోయాడు.

"నీది ఇందాకే విన్నాను," అంది ఆమె. "పద."