బొమ్మ రాని సీడీ

తెల్లవారుతూనే చంద్రగిరి కోటగోడ పక్కన ఏజెంట్ గిరిని కాల్చి చంపేశారు. చొక్కా గుండీలోని కెమెరాతో అతను తీసిన వీడియో మాత్రం ఒక సీడీలో మిగిలింది.

"యోగానంద్!" ఫోన్లో అరిచాడు చీఫ్. "విదేశీ ముఠా ఈ ప్రాంతంలో ఎక్కడో బాంబు పెట్టింది. సీడీ మన ఏజెంట్ జాహ్నవి చేతికిచ్చాను. పదకొండుంబావుకి తిరుపతి స్టేషన్ ఎదుట ప్రేమానందం వీడియో మిక్సింగ్‌లో కలుసుకో. చోటు తెలిస్తే చాలు, ఊరూరా స్క్వాడ్లు రెడీగా ఉన్నాయి."

యోగానంద్ ఐదు నిమిషాలు ముందే వెళ్లాడు. నున్నటి గుండు, నుదుట నామం. తిరుపతిలో అంతకన్నా మంచి మారువేషం ఏ డిపార్టుమెంటూ కనిపెట్టలేదు.

"ఐరాల పెళ్లి క్యాసెట్ వచ్చిందా?"

"ముహూర్తం మారిందండీ." కంప్యూటర్ ముందు నుంచి ముత్యాల కమ్మల జాహ్నవి గబుక్కున లేచింది.

కోడ్ సరిపోయింది. యోగానంద్ సీడీ ప్లే చేశాడు. "హియర్. లెవెన్ థర్టీ," అంది విదేశీ గొంతు. స్క్రీన్ మాత్రం కటిక నలుపు.

"ఎక్కడరా నీ హియర్!" యోగానంద్ బల్ల మీద గుద్దాడు. వాడు వేలు పెట్టి చూపించే ఉంటాడు. ఆ వేలు కనబడకపోతే ఎంతమంది చస్తారో!

పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే ప్రేమానందం బొమ్మ ఆడించే కొత్త సాఫ్ట్‌వేర్, కోడెక్ వేశాడు. నలుపే. సెట్టింగులు మార్చాడు. నలుపే. పదకొండూ ఇరవై మూడు.

"డిస్కే చెడిపోయింది," అంది జాహ్నవి. "పద, గిరి రూములో ఇంకో కాపీ వెతుకుదాం."

చేసేదేమీ తోచక యోగానంద్ లేవబోయాడు.

"ఉండండి సార్!" ప్రేమానందం భుజం పట్టి ఆపాడు. "డిస్కు బాగానే ఉండాది. ఈ కంప్యూటర్లో పాత వీడియో కార్డు ఒకేసారి రెండు ప్లేయర్లకు బొమ్మ ఇయ్యదు. ఇంకోటేదో ముందే తెరిచి ఉండాది."

"నేను తెరవలేదే!"

"నేనూ తెరవలా. మీకంటే ముందు ఈడ ఈయమ్మే కదా కూసోనుండె."

స్క్రీన్ అడుగున గడియారం పక్కన ఇంకో ప్లేయర్ చిన్నగా నక్కి ఉంది. ప్రేమానందం దాన్ని మూసేశాడు.

బొమ్మ వచ్చేసింది! మ్యాపు. సూళ్లూరుపేట స్టేషన్, రెండో ప్లాట్‌ఫాం, నీళ్ల ట్యాంకు. దాని మీద తెల్లవాడి వేలు. వాడి పక్కన ముత్యాల కమ్మలతో జాహ్నవి.

వెనక పిస్టల్ క్లిక్‌మంది. "అయ్యో, ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే సీడీ మార్చేసేదాన్ని, నువ్వు బతికిపోయేవాడివి."

ప్రేమానందం పెళ్లి లైటు స్విచ్ నొక్కాడు. వెయ్యి వాట్లు ఆమె కళ్లలో కొట్టాయి. తూటా వెళ్లి మానిటర్‌ను బద్దలు కొట్టింది. యోగానంద్ కాలితో ఒక్కటిచ్చాడు. పిస్టల్ ఎగిరిపోయింది, ఆమె చేతులు ప్రేమానందం కేబుల్ వైర్ల మధ్య బందీ అయ్యాయి.

"సూళ్లూరుపేట! రెండో ప్లాట్‌ఫాం, నీళ్ల ట్యాంకు కింద!" యోగానంద్ ఫోన్లో చీఫ్‌కి అరిచాడు. పదకొండూ ఇరవై ఏడు.

ఆ తర్వాత చేయగలిగిందేమీ లేదు. దేవుడా, దేవుడా అనుకుంటూ కూర్చున్నాడు. పదకొండున్నర దాటింది. ఫోను మోగలేదు. ఇంకో నిమిషం. మోగింది.

"రెండు సెకన్లుండగా వైరు కోశారయ్యా," అన్నాడు చీఫ్. యోగానంద్ సిగ్గు లేకుండా ఏడ్చేశాడు.

ప్రేమానందం గాజు పెంకులు ఊడుస్తూ అడిగాడు. "అది తీసినాయప్ప ఎవురో గానీ సార్, చెయ్యి ఇంతైనా వొణకలేదు. పెండ్లిండ్ల సీజను, నాకు కెమెరామేన్ లేడు. అడిగి సూస్తారా?"

"అడగలేనప్పా," అన్నాడు యోగానంద్ కళ్లు తుడుచుకుంటూ. "మా గిరి మాక్కూడా సెలవు చీటీ రాయకుండా పోయినాడు."