వెనక సీటు బరువు

చీకటిగెడ్డ దిగుడు దగ్గర చేపలబండి ఆపకుండా పోయిన మొనగాడు లేడు.

తీరం నుంచి రామతీర్థం వైపు వచ్చే ఎర్రకంకర రోడ్డు అక్కడ ఒక్కసారిగా కిందికి జారుతుంది... జారి జారి, పిట్టగోడ లేని సన్నటి కల్వర్టు మీద పడుతుంది. కల్వర్టు కింద గెడ్డ. పగలు చూస్తే మోకాలి లోతు నీళ్ళు. రాత్రి ఆ లోతెంతో ఎవరూ చెప్పరు.

దిగుడు మొదట్లో రోడ్డు పక్కన ఒక పలకరాయి ఉంది. సైకిలైనా, మోపెడైనా, ఆటో అయినా — చేపలు పట్టుకెళ్ళేవాళ్ళు అక్కడ ఆగాలి. దిగి, ఒక చేప రాయి మీద పెట్టాలి. వెనక్కి చూడకుండా పోవాలి.

పెట్టకపోతే జగ్గమ్మ ఎక్కుతుంది. వెనక కూర్చుంటుంది. మనిషి కనపడదట... బరువొక్కటే తెలుస్తుందట.

మూడేళ్ళ కిందట చేపలమ్మే నూకయ్య ఆ కల్వర్టు కిందే శవమై దొరికాడు, మోపెడుతో సహా. చేప పెట్టి ఉండడని ఊరంతా తేల్చేసింది. పెట్టాడనీ, వెనకాలే వచ్చిన తాను రాయి మీద ఆ చేపని కళ్ళారా చూశాననీ అతని తమ్ముడు నెత్తీనోరూ బాదుకున్నాడు. ఎవరు వింటారు? పెట్టినవాడు కూడా చచ్చిపోతే, ఊరికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇవేవీ అనూరాధకి పట్టలేదు. పడవ గంగులు రెండో కూతురు ఆమె. విజయనగరంలో చదివిన మూడేళ్ళూ ఏ వాదన పోటీ పెట్టినా కప్పు ఆమెదే. అవతలివాళ్ళ వాక్యం పూర్తికాకముందే దాన్ని విరిచి వాళ్ళ చేతిలోనే పెట్టేది. ఆ అలవాటు ఇంట్లో కూడా పోలేదు.

రెండువేల పంతొమ్మిది, మే నెల. అక్క గౌరికి రామతీర్థం దగ్గర అత్తారింట్లో ఆడపిల్ల పుట్టి నాలుగు రోజులైంది. చుక్క పాలు పడలేదు. డబ్బాపాలు పడితే పిల్ల కక్కేస్తోంది. మధ్యాహ్నం బావ వినోద్ ఫోను చేశాడు.

"ఏడ్సేడ్సి గొంతు కూడా పోనాదే. డాక్టరమ్మ రేపు సూద్దామన్నాది. మీ అక్కేమో పాలసొర, పాలసొర అని ఒకటే గొడవ."

బాలింతకి పాలసొర పెడితే పాలు పడతాయని సముద్రం ఒడ్డున పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. ఈ ఒక్క నమ్మకాన్ని అనూరాధ ఏ వేదిక మీదా ఖండించలేదు.

సాయంత్రం పడవలో సరిగ్గా రెండు పాలసొరలు దొరికాయి. ఐసు పెట్టెలో పెట్టి, తన కరెంటు బండి మీద కాళ్ళ దగ్గర కట్టింది.

"సప్పుడు సెయ్యని బండి," అంది తల్లి బుల్లమ్మ. "నీ నోటికి సరైన జోడే దొరికినాది."

గంగులు నూనె చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. "బ్రేకు మెత్తగున్నాదన్నావు కదేటి. పొద్దున్న బ్రేకు నూనె డబ్బీలు రెండూ ఇప్పి సూసేను. నూనె తగ్గిపోనాది. మన పడవింజినుకి పోసీదే..."

"బాగుచేశావు కదా? చాలు నాన్నా. పొద్దుపోతోంది."

"రాయి దగ్గర ఒకటెట్టీసి ఎల్లవే," అంది బుల్లమ్మ.

"ఉన్నవే రెండు! ఆ పిల్ల అక్కడ పాల కోసం అల్లాడుతుంటే సగం దెయ్యానికి పంచమంటావా?"

"దెయ్యం అనకే. జగ్గమ్మ మన పేటకొచ్చిన కోడలే. మొగుడు సైకిలెనక కూసోని ఎల్లీది. ఆ సైకిలికి..."

"అమ్మా!" అనూరాధ చెయ్యి అడ్డం పెట్టింది. "ఎన్నిసార్లు చెప్తావే ఈ కథ? బాధ ఉన్న ప్రతి ఆడదాన్నీ చచ్చాక దెయ్యాన్ని చేసెయ్యడం... ఇదేనా మీకు తెలిసింది?"

బండి వెళ్ళిపోయింది. బుల్లమ్మ వాక్యం గుమ్మంలోనే మిగిలిపోయింది.

హైవే దాటేసరికి చీకటి పడింది. సరుగుడు తోటలు, ఆ తర్వాత జీడితోటలు. ఎదురుగా లైటు వెలుగు ఎంతవరకో అంతే లోకం.

కంకర రోడ్డెక్కిన కాసేపటికి బండి... బరువెక్కింది.

ముందు ఎదురుగాలి అనుకుంది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఎంత తిప్పినా ఇరవై దాటడం లేదు. వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు... వెనక ఎవరో కూర్చున్నట్టు.

ఇంజిను మోత ఉంటే బాగుండేది. ఈ బండికి మోత లేదు. అందుకే అన్నీ వినపడుతున్నాయి. కంకర నలగడం. తన ఊపిరి. వాటి మధ్యలో — వెనక నుంచి సన్నగా, తెగకుండా, ఒక మూలుగు.

ఊఁ... ఊఁ... ఊఁ...

ఏదో కాలిన వాసన వచ్చింది.

"మొదటి విషయం," అంది అనూరాధ పైకే. "భయం సాక్ష్యం కాదు. రెండో విషయం..."

రెండో విషయం గుర్తు రాలేదు.

లైటు వెలుగులో పలకరాయి కనపడింది.

చెయ్యి దానంతటదే బ్రేకు వైపు పోయింది. ఆపుదామా? ఆపితే ఓడినట్టే. ఇన్ని కప్పులు గెలిచి, ఒక రాయి ముందు! పెట్టెలో రెండే చేపలు. అక్కడ గొంతు పోయిన పిల్ల...

ఆపలేదు. రాయి వెనక్కి పోయింది.

దిగుడు మొదలైంది. బండి వేగం అందుకుంది. అనూరాధ బ్రేకు నొక్కింది.

చచ్చిన చేప పొట్ట నొక్కినట్టు... లివరు మెత్తగా లోపలికి పోయింది. హ్యాండిలుకి ఆనుకుపోయింది. బండి ఆగలేదు.

రెండోది నొక్కింది. అదీ అంతే.

ఆ క్షణాన వెనక బరువు తటాలున తేలిపోయింది. మూలుగు ఆగిపోయింది. పట్టుకున్నది వదిలేసినట్టు, బండి చప్పుడు లేకుండా కిందికి ఎగిరింది.

ముప్ఫై అయిదు... నలభై... నలభై ఎనిమిది...

గేరు లేదు తగ్గించడానికి. ఇంజిను లేదు పట్టి ఉంచడానికి. నొక్కి వదిలింది, నొక్కి వదిలింది, నొక్కింది. లోపల ఏమీ లేదు. కింద కల్వర్టు తెల్లగా, రిబ్బనంత సన్నగా మెరిసింది. దానికి అటూ ఇటూ నలుపు.

రెండు కాళ్ళూ కిందికి దించింది. కంకర తగిలి బూటుకాలు పైకి ఎగిరింది. తుంటి దాకా నొప్పి జివ్వుమంది. బండి పాములా మెలికలు తిరిగింది.

అప్పుడు... చెవి పక్కన. ఊపిరి తగిలేంత దగ్గరగా. తడి చేపల వాసనతో —

"కాళ్ళు తియ్యే గుంటా... ఇరిగిపోతాయి."

తీసేసింది. తీశానని కూడా ఆమెకి తెలీదు.

బండి మళ్ళీ బరువెక్కింది. ఇందాకటి బరువు కాదు ఇది. వెనక సీటు కుంగింది. నడుముకి ఏదో చల్లగా చుట్టుకుంది. వెనక నుంచి నేల చీరుకుపోతున్న చప్పుడు — జర్ర్ర్ర్...

అనూరాధ కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి బండి ఆగి ఉంది. ముందు చక్రానికీ కల్వర్టు అంచుకీ మధ్య జానెడు జాగా. కింద గెడ్డ గలగలమంటోంది.

వెనక్కి చూడలేదు. పెట్టె విప్పుకుని, గుండెకి హత్తుకుని, అవతలి గట్టెక్కి, సిగ్నలు దొరికేదాకా పరిగెత్తింది.

ఆ రాత్రే వినోద్ వచ్చి తీసుకెళ్ళాడు. రెండు సొరల్లో ఒకటి తెల్లారేలోగా పొరటై గౌరి పళ్ళెంలోకి చేరింది.

తెల్లారాక వినోద్, అనూరాధ మెకానిక్ ఎర్రన్నని వెంటబెట్టుకుని దిగుడు దగ్గరికి వెళ్ళారు. బండి అక్కడే ఉంది. ఎర్రన్న బ్రేకు డబ్బీ మూత విప్పి వాసన చూశాడు. పకపకా నవ్వాడు.

"ఏటి తల్లీ ఇది? పడవింజినాయిలు పోసీసేరేటి? బ్రేకులకి బ్రేకాయిలే ఎయ్యాల. ఇది పడితే లోపల రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఉబ్బి, నొక్కకపోయినా చక్రాన్ని పట్టీసుకుంటాది. రాసుకుని రాసుకుని ఏడెక్కి కాగిపోతాది."

అనూరాధకి ఒళ్ళంతా తేలికైపోయింది. బరువు — బ్రేకు పట్టెయ్యడం. మూలుగు — రాసుకోవడం. వాసన — కాగిన నూనె. తేలిపోవడం — బ్రేకు పూర్తిగా పోవడం. నాన్న వాక్యం పూర్తికానిచ్చి ఉంటే తప్పు ఇంటి దగ్గరే పట్టుకునేది. రాయి దగ్గర ఆగినా పట్టుకునేది. చెవిలో మాటంటావా... భయపడ్డ బుర్ర ఎన్ని మాటలైనా పుట్టిస్తుంది!

"విన్నావా బావా? దీన్ని పట్టుకుని దెయ్యమన్నారు!"

ఎర్రన్న నవ్వడం మానేశాడు. గొట్టాలు రెండూ వేలితో తడిమి చూశాడు.

"రెంట్లోనూ గాలే. నువ్వు ఎంత నొక్కినా చక్రం ఆగదు. మరెలాగాపేవు?"

"కాళ్ళు పెట్టి..." అంది అనూరాధ.

"బూట్లేసుకునే వచ్చేవు కదే?" అన్నాడు వినోద్. అతను బండి వైపు చూడటం లేదు. రోడ్డు వైపు చూస్తున్నాడు.

దిగుడు సగంలో మొదలై, చక్రం గాడికి చెరో పక్కా, రెండు గీతలు. కంకరని లోతుగా దున్నుకుంటూ బండి వెనక దాకా వచ్చాయి. గీతల చివర రెండు గుంటలు. బూట్లు లేని ఉత్తి కాళ్ళ మడమలవి. వాటి ముందు వేళ్ళ గుర్తులు, వెనక సీటు కిందికి తిరిగి ఉన్నాయి.

అక్కణ్ణుంచి తిరిగిపోయిన అడుగు ఒక్కటీ లేదు.

అవతలి గట్టెక్కి, సిగ్నలు అందాక తల్లికి ఫోను చేసింది.

"అమ్మా... ఆ సైకిలికి ఏమైంది?"

"నిన్న సెప్పనిస్తే కదే! దానికి బ్రేకుల్లేవు. దిగుడొస్తే జగ్గమ్మే ఎనకనుంచి మడమలు నేలకి రాసి ఆపీది. ఓనాడు ఆడు తాగీసి, నువ్వు బరువే దిగూ అనీసి, రాయికాడ దింపీసి ఒక్కడే పోనాడు. గెడ్డలో పడ్డాడు. ఆణ్ణి తీద్దామని దిగి ఇదీ పోనాది. అప్పట్నుంచీ చేపల బండొస్తే ఎక్కీడమే. ఎక్కొద్దు తల్లీ అని చేపెట్టి దండమెడతాం..."

ఈసారి అనూరాధ చివరిదాకా వింది.

నూకయ్య చేప పెట్టాడు, అనుకుంది. పెట్టి, వెనక ఆపేవాళ్ళు లేకుండా ఒక్కడే దిగాడు.

పది రోజులు గడిచాయి. గౌరికి పాలు పడ్డాయి. పొరటు వల్లో, డాక్టరమ్మ మందుల వల్లో ఎవరూ వాదించుకోలేదు. అనూరాధ కూడా వాదించలేదు.

బండికి రబ్బర్లు మారాయి. కొత్త బ్రేకాయిలు పడింది. ఒక సాయంకాలం, చీకటి పడే వేళకి, మళ్ళీ చేపల పెట్టెతో ఆమె దిగుడు దగ్గరికొచ్చింది.

ఆగింది. బ్రేకులు రెండూ నొక్కి చూసింది. రాయిలా గట్టిగా ఉన్నాయి.

పలకరాయి వైపు చూసింది. పెట్టె తెరవలేదు. హ్యాండిలు పట్టుకుని, సీటు మీద కొంచెం ముందుకి జరిగి కూర్చుంది. ఇంకొకరు పట్టేంత.

వెనక్కి చూడలేదు.

వెనక స్ప్రింగు మెల్లగా... ఒక అంగుళం కిందికి దిగింది.