పొడుగువైతే తొమ్మిది

ఠాప్!

ట్రాక్టర్ అద్దం పగిలి విద్యాసాగర్ మెడ మీద రాలుతుంది.

ఏడో తూటా!

లండన్ దగ్గర క్రోయిడన్ శివార్లలో ఒంటరి ఫామ్‌హౌస్. 2003 నవంబర్. మధ్యాహ్నం మూడింటికే దట్టంగా పొగమంచు. కాల్పులు వినబడుతున్నాయని ఎవరో ఫోన్ చేస్తే వచ్చాడు కానిస్టేబుల్ విద్యాసాగర్. చేతిలో లాఠీ ఒక్కటే!

పక్కనే నక్కి ఉన్నాడు ఇంటి ఓనర్ బాపూరావు. విద్యాసాగర్ రాకముందు పేలినవెన్నో లెక్క చెప్పింది ఆయనే. రిటైర్డ్ సర్జన్. జింకల వేటంటే పిచ్చి.

"దొంగ లోపలున్నాడు బాబూ! నా పాత లీవర్ రైఫిల్ లాక్కున్నాడు. మా ఆవిడ వరలక్ష్మి కూడా లోపలే!"

"దాంట్లో ఎన్ని తూటాలు పడతాయి అంకుల్?"

"ఏ తూటా అన్నదాన్ని బట్టి. బ్యారెల్ కింద గొట్టమే దాని మేగజీన్. ఒకదాని వెనక ఒకటి దూర్చాలి. తాతల కాలం నాటిది, బ్యారెల్ నేనే మార్పించాను..."

"అంకుల్! నంబర్!"

"పొట్టివైతే పదకొండు. పొడుగువైతే తొమ్మిది."

"వాడు ఏవి వేశాడు?"

"నాకేం తెలుసు? ఇంట్లో రెండూ ఉన్నాయి!"

విద్యాసాగర్ పళ్లు నూరతాడు. రేడియో నొక్కుతాడు. ఆర్మ్‌డ్ టీమ్ రావడానికి ఇంకో ఇరవై నిమిషాలట! ఇందాకా అదే ముక్క. అంతకుముందూ అదే!

ఠాప్!

ఎనిమిది. కిటికీ మీంచి ఖాళీ తూటా గుల్ల పడి, రాళ్ల మీదుగా ట్రాక్టర్ దాకా దొర్లుతుంది.

"పొడుగుదే!" బాపూరావు కళ్లు మెరుస్తాయి. "ఇంకొక్కటే!"

విద్యాసాగర్ టోపీ తీసి పైకి విసురుతాడు.

ఠాప్!

తొమ్మిది!

పరుగు... తలుపు ఒక్క తన్ను... లోపల!

దొంగ లేడు.

మూలన వరలక్ష్మి. పెదవి చిట్లి రక్తం. చేతుల్లో రైఫిల్.

"దొంగేడి ఆంటీ?"

"దొంగెవరు బాబూ? వదిలేసి వెళ్లిపోతానన్నందుకు నన్ను చంపడానికొచ్చింది మా ఆయనే!"

విద్యాసాగర్ గిర్రున తిరుగుతాడు.

గుమ్మంలో బాపూరావు. చేతిలో పిస్టల్!

"దొంగ మీ ఇద్దర్నీ కాల్చి పారిపోయాడని చెప్తాలే."

"పక్కకి జరుగు బాబూ," అంటూ వరలక్ష్మి రైఫిల్ ఎత్తుతుంది.

బాపూరావు పగలబడి నవ్వుతాడు. "అయిపోయాయే పిచ్చిదానా! గొట్టంలో పట్టేది తొమ్మిదే!"

"గొట్టంలో తొమ్మిదే." ఆమె వేలు ట్రిగ్గర్ మీదకి జారుతుంది. "ముందు ఒకటి గొట్టంలోంచి పేల్చే ఛాంబర్‌లోకి ఎక్కించి, ఆ తర్వాత గొట్టం మళ్లీ నింపాను. ఇరవై ఏళ్లుగా భోజనాల దగ్గర ఇదే సోది వింటున్నా కదండీ..."

ఠాప్!