పెద్దాయనకి నాలుగు ఏడుపు సీన్లు

“ఆ పెద్దాయనకి నాలుగు ఏడుపు సీన్లు పెట్టారు. ఆయన తిట్టిన అమ్మాయికి కనీసం పేరు కూడా పెట్టలేదేమండీ?”

బందరులో ఒక కాలేజీ హాల్లో లోహిత్ షార్ట్ ఫిల్మ్ అప్పుడే అయిపోయింది. చేపలమ్మే వాళ్లింటి పిల్ల కోడలిగా వద్దని కులం పట్టింపుతో కూర్చున్న ఒక రైతు కథ అది. చప్పట్లు ఆగకముందే మూడో వరసలో లేచి అడిగిన అమ్మాయి పేరు సుమతి. గిలకలదిండిలో చేపల వ్యాపారం చేసే నాంచారయ్య కూతురు. కోర్టులో టైపిస్టు.

“మనిషన్నాక మంచీ చెడూ ఉంటాయి కదండీ. అలాంటివాణ్ణి కూడా అర్థం చేసుకోవాలి,” అన్నాడు లోహిత్.

“చేసుకోండి. కాకపోతే మంచంతా ఆయనకీ, తిట్లన్నీ మాకూనా?”

హాలంతా నవ్వింది. లోహిత్ చెవులు ఎర్రబడ్డాయి. బయట వాన. బస్టాండు దాకా ఒకే ఆటోలో పోట్లాడుకుంటూ వెళ్లారు. వాదన నెగ్గడానికే అనుకుంటూ లోహిత్ రెండు చల్లపల్లి బస్సులు వదిలేశాడు.

నెగ్గలేదు. కథ ఇద్దరూ కలిసి తిరగరాశారు. అమ్మాయి వేషం సుమతే వేసింది. పెద్దాయన వేషం మళ్లీ లోహిత్ నాన్న కాంతారావుదే. షూటింగ్ చల్లపల్లిలో వాళ్లింటి వరండాలో.

“యాక్షన్!”

“దూరంగా నిలబడు. మీవాళ్లొచ్చి వెళ్తే ఇల్లంతా కడుక్కోలేక చావాలి,” అన్నాడు కాంతారావు.

“ఏం నేచురల్‌గా చేశావు బాబాయ్!” అన్నాడు కెమెరా వెనక నుంచి లోహిత్ స్నేహితుడు మహేష్.

సుమతి కాగితాలు తిరగేసింది. “ఈ డైలాగ్ ఇందులో లేదే మావయ్యగారూ?”

కాంతారావు మీసం తడుముకున్నాడు. లోపల్నుంచి ఆయన భార్య అన్నపూర్ణ అంది: “కాగితమెందుకమ్మా, ముప్పయ్యేళ్ల ప్రాక్టీసు!”

మహేష్‌కి నవ్వాగక కెమెరా ఊగింది. సుమతి నవ్వలేదు. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం కాంతారావు కొడుకు పక్కన చేరాడు. “ఒరేయ్, ఆ ముక్క తీసెయ్యరా. తుఫానప్పుడు ఊరందరికీ అన్నం పెట్టానా లేదా? నేను చెడ్డవాణ్ణా?”

“అన్నం పెట్టిందీ నువ్వే నాన్నా, ఆ మాటన్నదీ నువ్వే. రెండూ ఉంచుతాను. ఇంకోటి... నాకు సుమతంటే ఇష్టం.”

“ఆ అమ్మాయికి తెలుసా?”

“ఇంకా లేదు.”

“అయితే మనిద్దరం చివాట్లు తినాల్సిందే. పద.”

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ గిలకలదిండిలో సుమతి వాళ్లింటికి వెళ్లారు, లోహిత్ భుజాన కెమెరా బ్యాగుతో సహా. “అది నటన కాదమ్మా. తప్పే,” అన్నాడు కాంతారావు సుమతితో.

“కెమెరా ముందు చెప్తారా?”

“అందరూ చూస్తారే!”

“అన్నప్పుడూ అందరూ చూశారు.”

కాంతారావు చొక్కా సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు. కెమెరా బిగిస్తూ, ఎటూ చూడకుండా, లోహిత్ తన మనసులో మాట గబగబా చెప్పేశాడు.

“మా అమ్మాయి ఏమంటే అదే,” అన్నాడు నాంచారయ్య. “ఏమ్మా?”

“ఇష్టమే నాన్నా,” అంది సుమతి, చిన్నగా.

ఈలోగా కాంతారావు మొదలుపెట్టేశాడు. ఎప్పుడెవర్ని ఏమన్నాడో పేరుపేరునా చెప్పి, చివరికి కళ్లు తుడుచుకున్నాడు. “ఎలా వచ్చిందిరా?”

లోహిత్ ఇంకా సుమతినే చూస్తున్నాడు. కెమెరా ఆన్ చెయ్యలేదు.

“ఓరి నీ ప్రేమ తగలెయ్యా! రెండోసారి చెప్పడం ఇంకా కష్టంరా!” అన్నాడు కాంతారావు.

అని, మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు.