వద్దనని పిల్ల

ఉదయం ఏడు గంటలకే అనూరాధ ఉడికించిన బీట్‌రూట్ మిక్సీలో తిప్పి దోసెల పిండిలో కలిపింది. పెనం మీద నక్షత్రం అచ్చు పెట్టి గరిటెడు పోసి, కాలాక అచ్చు తీస్తే గులాబీ నక్షత్రం. అలాంటివి ఆరు. పక్క అరలో పల్లీలూ బెల్లమూ దంచి చుట్టిన ఉండలు రెండు, మూడో అరలో దానిమ్మ గింజలు. మొత్తం పద్దెనిమిది నిమిషాలు. బియస్సీ చదివిన మూడేళ్లలో ల్యాబులో ఏ ప్రయోగం మీదా ఆమె ఇంత శ్రద్ధ పెట్టలేదు. పెట్టి ఉంటే ఏదో ఒక ఉద్యోగం వచ్చి, ఈ నక్షత్రాలు ఇంకెవరో పోసేవారు.

కూతురు యశస్విని రెండో తరగతి. మొన్న వేసవి వరకూ గాజువాకలో ఆ వీధి మొత్తానికి తిండి తినని పిల్లగా దానికి పేరుండేది. ఉప్మాలో ఆవాలు ఒక్కొక్కటీ ఏరి కంచం అంచున పేర్చేది. కరివేపాకు కనిపిస్తే భోజనం అక్కడితో ముగిసేది. ఇడ్లీ మీద చిన్న మచ్చ ఉన్నా అది వేరే ఎవరిదో ఇడ్లీ అన్నట్టు పక్కకు జరిపేది. నానమ్మ సీతాలు గిన్నె పట్టుకుని రెండో అంతస్తు నుంచి గేటు దాకా వెంటపడి, బస్సుల్నీ ఆటోల్నీ చూపించి, అరగంటకు నాలుగు ముద్దలు దిగేలా చేసేది.

ఆ సీతాలు ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పడుకుని మళ్లీ లేవలేదు. అప్పటి నుంచి పిల్ల దేన్నీ వద్దనలేదు. మునగాకు కలిపిన చపాతీ ఇచ్చినా, రాగి ఇడ్లీ ఇచ్చినా మాట్లాడకుండా తీసుకునేది. సాయంత్రం పలహారం పళ్లెం పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి, ఖాళీ పళ్లెంతో వచ్చేది. బడి నుంచి బాక్సు తుడిచినట్టు వచ్చేది. రాత్రికి మాత్రం ఆకలి లేదని గ్లాసెడు పాలు తాగి పడుకునేది. పగలంతా అంత తిన్న పిల్లకు రాత్రి ఆకలేమిటని అనూరాధ కూడా బలవంతం చేయలేదు.

ఇదంతా తన చేతి మహిమేనని ఆమె నమ్మింది. నమ్మడమే కాదు, కింది వాటాలో ఉండే కుసుమకుమారితో సహా ఆరుగురు తల్లులకు ఫోన్లో గ్రూపు పెట్టి పాఠాలు కూడా మొదలుపెట్టింది. సొరకాయను పిల్లలకు తెలియకుండా ఏ రూపంలోనైనా పొట్టలోకి దింపగలదని ఆ గ్రూపులో ఆమెకు ఖ్యాతి.

ఒక్కటే ఇబ్బంది. వంట చేస్తున్నంత సేపూ వెనకాల ఎవరో నిలబడి ఉన్నట్టుండేది. సీతాలు ఎప్పుడూ వంటింటి గుమ్మానికి తల ఆనించి నిలబడేది. ఆ కొబ్బరినూనె మరక ఇంకా గుమ్మం మీద ఉంది. అనూరాధ రెండుసార్లు సబ్బుపొడితో తోమింది. తడి ఆరగానే మరక మళ్లీ పైకి వచ్చేది. బాల్కనీ పిట్టగోడ సంగతి మరోటి. పోర్టు వైపు గాలికి రోజూ దాని మీద నల్లటి బొగ్గుపొడి పేరుకుంటుంది. ఆ పొడిలో కాకి అడుగులు. తుడిచేస్తే మర్నాటికి ఇంకా ఎక్కువ అడుగులు, అన్నీ ఇంటి వైపు తిరిగి. వీటి గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. సైన్సు చదివినదాన్ని, ఏమని చెప్పను అనుకుంది.

ఆగస్టులో బడిలో పిల్లలందరికీ డాక్టరు పరీక్ష చేశారు. ఆ మధ్యాహ్నం క్లాసు టీచరు సూర్యకళ ఫోన్ చేసింది. జూన్‌లో చేరినప్పటికంటే యశస్విని రెండు కిలోలు తగ్గిందనీ, ఇలాగే తగ్గితే పెద్దాసుపత్రిలో చూపించాలని డాక్టరు రాశారనీ చెప్పింది. చివర్లో, ఇంట్లో సరిగ్గా పెడుతున్నారా అని మర్యాదగానే అడిగింది. ఆరుగురు తల్లులకు గురువైన అనూరాధ, సరేనండీ అని ఫోన్ పెట్టేసింది.

భర్త నాగబాబు స్టీల్ ప్లాంట్‌లో పొద్దుటి షిఫ్టు ముగించుకుని మూడింటికి వచ్చాడు. సంగతి విని బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మాయమ్మ ఉన్నప్పుడు పిల్ల ఇలగుండేదేటి? నువ్వు రంగులేసి, బొమ్మలేసి పెడతన్నావు. బలం ఎక్కడుంటాది అందులో?"

"మీ అమ్మగారు వీధంతా తిప్పితే నాలుగు ముద్దలు తినేది. ఇప్పుడు బాక్సంతా తింటోంది. రోజూ కడుగుతున్నది నేనే కదా, నాకు తెలీదా?"

"తింటే ఏదీ మరి? ఎముకలు కనపడతన్నాయి. మాయమ్మ ఎల్లిపోయినాది, దాంతోపాటే ఈ ఇంట్లో తిండికి సత్తువ కూడా ఎల్లిపోయినాది."

నాలుగు నెలలుగా గుమ్మం వైపు వెనక్కి తిరిగి చూసుకుంటూ వండినదంతా ఒక్కసారిగా అనూరాధ గొంతులోకి వచ్చింది. "మీ అమ్మగారు ఎక్కడికీ వెళ్లలేదు. వంటింటి గుమ్మంలోనే ఉన్నారు. రేపటి నుంచి ఆవిడ చేతనే వండించుకోండి."

వెటకారంగానే అంది. కానీ అన్నాక ఆ మాట ఇంట్లో అలాగే నిలబడిపోయింది. అప్పుడే బడి ఆటో దిగి మెట్లెక్కి వచ్చిన యశస్విని, బ్యాగు భుజాన ఉండగానే తల్లి ముఖంలోకి చూసింది.

"నీక్కూడా కనిపిస్తాదా అమ్మా?"

అనూరాధ వీపు మీద చల్లటి చెయ్యి వేసినట్టయింది. ఎవరు కనిపిస్తారు, ఎక్కడ కనిపిస్తారు అని ఎంత అడిగినా పిల్ల మళ్లీ నోరు విప్పలేదు. పాలు తాగి పడుకుంది.

మర్నాడు అనూరాధ పెసరట్టు చుట్టలు చేసి, లోపల పనీరు తురుము పెట్టి బాక్సు కట్టింది. మధ్యాహ్నం ఆటో ఎక్కి బడికి వెళ్లి, నీళ్ల సీసా మర్చిపోయిందని అబద్ధం చెప్పి లోపలికి నడిచింది. షెడ్డు కింద పిల్లలందరూ వరసగా కూర్చుని తింటున్నారు. యశస్విని వాళ్లలో లేదు. వెతుక్కుంటూ వెనక వైపు నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లింది.

పొట్టి ప్రహరీ గోడ మీద కాకులు. ఒకటీ రెండూ కాదు, గోడ పొడవునా సర్దుకుని కూర్చున్నాయి. అరవడం లేదు, ఎగరడం లేదు. ఎదురు చూస్తున్నాయి. వాటి ముందు యశస్విని బాక్సు మూత తీసి, పెసరట్టు చిన్న చిన్న ముక్కలుగా తుంచి, ఒక్కో కాకి ముందు ఒక్కో ముక్క పెడుతోంది. పెట్టిన చోటల్లా ఆగి, అది ముట్టేదాకా కదలడం లేదు.

"తిను నానమ్మా," అంటోంది ప్రతిదానితోనూ, మెల్లగా, పెద్దవాళ్లతో మాట్లాడినట్టు.

చివరికి ఒక్క ముక్క మిగిలింది. దాన్ని నోటి దాకా తీసుకెళ్లింది. అంతలో ఎక్కడి నుంచో ఇంకో కాకి వచ్చి గోడ చివర వాలింది. యశస్విని దాన్ని చూసింది, చేతిలో ముక్కను చూసింది. వెళ్లి ఆ ముక్క దాని ముందు పెట్టింది. తర్వాత కుళాయి దగ్గర బాక్సు కడిగి, గౌను అంచుతో శుభ్రంగా తుడుచుకుంది.

అనూరాధ ముందుకు వెళ్లలేకపోయింది. బడి బయట అరటిపండు ఒకటి కొని టీచరుకు ఇచ్చి, దగ్గర కూర్చోబెట్టి తినిపించమని బతిమాలి, ఇంటికి వచ్చేసింది. నాలుగు నెలలుగా తను గిన్నె అడుగు చూసి మురిసిపోయిందే గాని, ఒక్క రోజైనా పిల్ల నమలడం చూడలేదు. ఆ సంగతి ఆటోలో గుర్తొచ్చింది. దిగాక డబ్బులివ్వడం కూడా మర్చిపోతే డ్రైవరు పిలిచి అడగాల్సి వచ్చింది.

సాయంత్రం పిల్ల రాగానే అనూరాధ ఒళ్లో కూర్చోబెట్టుకుని, బడికి వచ్చానని, చూశానని చెప్పేసింది. తిట్టనని ఒట్టు వేసింది. నాగబాబు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. యశస్విని గౌను గుండీ తిప్పింది. తర్వాత తండ్రి వైపు చూసింది.

"నాన్నే సెప్పాడు కదా. నాను తినే ముందు నానమ్మకి ముద్ద పెడతామని."

నాగబాబు తల ఎత్తాడు.

పదోరోజు సంగతి అది. పద్మనాభం దగ్గర సొంతూళ్లో, గెడ్డ గట్టు మీద, పారే నీళ్ల పక్కన పిండం పెట్టారు. కాకులు చెట్టు మీదే ఉన్నాయి గాని ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. చుట్టాలు ఆకలితో నిలబడలేకపోతున్నారు. పోయినావిడ మనసులో ఏదో ఉండిపోయింది, మాట ఇస్తేగాని ముట్టదు అన్నారు పెద్దలు. పెద్దకొడుకు పొలం అమ్మనన్నాడు. దిగలేదు. కూతురు పుట్టింటికి వస్తూ పోతూ ఉంటానంది. దిగలేదు. అప్పుడు నాగబాబు చేతులు జోడించి, అమ్మా, నీ మనవరాలి తిండి గురించి బెంగ పెట్టుకోకు, అది తినే ముందు రోజూ నీకో ముద్ద పెడతాం అన్నాడు. మాట పూర్తి కాకముందే ఒక కాకి వచ్చి ముద్ద ఎత్తుకుపోయింది. అందరూ ఊపిరి పీల్చుకుని భోజనాలకు వెళ్లారు. విస్తళ్లు ఎత్తే వేళకే నాగబాబు ఆ మాట మర్చిపోయాడు. గట్టు మీద అతని వేలు పట్టుకుని నిలబడిన పిల్ల మర్చిపోలేదు.

"మీరిద్దరూ పెట్టట్లేదు," అంది యశస్విని. నిందగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టే అంది. "అందుకని నాను పెడతన్నాను."

"ఒక్క ముద్దే కదే చిట్టీ. అంతా ఎందుకు పెట్టేస్తున్నావు?" అనూరాధ అడిగింది.

"మొదట ఒక కాకే వచ్చేది. తర్వాత చాలా వచ్చాయి. అందులో ఏ కాకి నానమ్మో నాకు తెలీదు కదమ్మా. ఒకదానికి పెట్టకపోతే, అదే నానమ్మైతే?"

కింద రోడ్డు మీద బస్సు ఆగి బయలుదేరిన చప్పుడు వినిపించింది.

"రాత్రి కాకులు రావు," అని పిల్లే మళ్లీ చెప్పింది. "పెట్టకుండా తినకూడదు. పాలైతే పరవాలేదనుకున్నాను."

నాగబాబు లేచాడు. వంటింట్లోకి వెళ్లి మధ్యాహ్నం అన్నంలో పప్పు కలిపి, చేత్తో ముద్ద చేసి తెచ్చాడు. తల్లి పోయినప్పుడు అందరూ ఏడుస్తుంటే మంచు పెట్టెకూ వ్యానుకూ పరుగులు పెట్టిన మనిషి. ఏడవడానికి అప్పుడు తీరలేదు, తర్వాత షిఫ్టులు వచ్చాయి. బాల్కనీలోకి వెళ్లి నల్లటి పొడి మీద అరచేత్తో తుడిచి, ముద్ద పెట్టాడు.

"ఆ మాటిచ్చింది నాను. పెట్టవలిసింది కూడా నానే, నువ్వు కాదు," అన్నాడు కూతురితో. "రేపట్నించి షిఫ్టుకి ఎల్లేముందు నానే పెడతాను. రాత్రికి కూడా అదే సరిపోద్ది."

"ఒక్క ముద్ద ఎలా సాలుతాది నాన్నా? అన్ని కాకులున్నాయి."

నాగబాబు చేతికంటిన పొడి దులుపుకున్నాడు. "మీ నానమ్మ ఎప్పుడైనా ఒక్కర్తీ తినేదేటి? ఇంట్లో ఇద్దరికి ఒండితే వీధిలో ముగ్గురికి ఎట్టేది. అక్కడా అంతే. ఏ కాకి తిన్నా మీ నానమ్మకి సేరిపోద్ది. అది సూసుకుంటాది, పంపకాలు." తర్వాత గోడ వైపు తిరిగి, "అమ్మా," అని పిలిచాడు. రెండోసారి పిలవబోయాడు. భుజాలు కదిలిపోతుండగా గోడ పట్టుకున్నాడు. అనూరాధ వెళ్లి పక్కన నిలబడింది. తను నమ్ముతోందో లేదో ఆమెకు తెలియలేదు. కాకి వాలినప్పుడు మాత్రం అప్రయత్నంగా కొంగు భుజం మీదికి సర్దుకుంది.

కాకి ముద్ద ముట్టింది. యశస్విని అది ఎగిరిపోయే దాకా చూసి, తండ్రి చొక్కా పట్టి లాగింది.

"ఇప్పుడు నాను తినీవచ్చా?"

అనూరాధ పరుగున వెళ్లి కంచం పెట్టింది. అచ్చులు లేవు, రంగులు లేవు, చేతికందిన అన్నమూ మెంతికూర పప్పూ నెయ్యీ. పిల్ల బాసింపట్టు వేసుకుని తినడం మొదలుపెట్టింది. రెండు బుగ్గలూ నిండేలా తింది. భార్యాభర్తలిద్దరూ ఎదురుగా కూర్చుని, ఆ దవడలు కదలడం కన్నార్పకుండా చూశారు. కంచంలో అన్నం పెట్టిన కాసేపటికే సగమైంది.

అప్పుడు యశస్విని నమలడం ఆపింది. ముఖం చిట్లించింది. రెండు వేళ్లు నోట్లో పెట్టి, ఒక ఆకును పైకి లాగి వెలుతురుకు ఎత్తి పట్టుకుని పరీక్షగా చూసింది.

"ఇదేంటి? మెంతికూరా? ఛీ, నాకొద్దు."

నాగబాబు కంగారుగా ముందుకు వంగి, తినాలమ్మా, బలం అని బుజ్జగించబోయాడు. అనూరాధ అతని చెయ్యి పట్టి ఆపింది. ఆమె చెంపల మీంచి నీళ్లు కారి ఒళ్లో పడుతున్నాయి.

"ఉండండి," అంది. "ఇంకోసారి అననివ్వండి. విందాం."